డీకన్ నోట మిగిలింది

ఆ మంగళవారం ఉదయం ఆర్జెల్లా మొగుడి వీపు తుడుస్తూ ఉండగా అతను పాట అందుకున్నాడు.

తడిగుడ్డ ఆమె చేతిలోనే ఆగిపోయింది. వేసవి మొదట్లో పత్తిచేలో పడిపోయిన దగ్గర్నుంచి హోజియా గెయిథర్ నోట ఒక్క మాట వచ్చింది లేదు. కుడికాలూ కుడిచెయ్యీ చచ్చుపడ్డాయి. దాహమైతే "బా" అనేవాడు. కడుపు నిండినా "బా", కోపం వచ్చినా "బా". మార్లో క్రాసింగ్ డాక్టరు కళ్ళలోకి దీపం వేసి చూసి, ఇక ఇంతే అన్నాడు. అలాంటి నోట్లోంచి ఇప్పుడు పాట వస్తోంది. గొంతు బొంగురే గాని మాటలు ఒలిచిపెట్టినట్టున్నాయి.

నల్లబండెక్కి పోయింది నా పిల్ల, పొగైనా మిగల్లేదు,
నల్లబండెక్కి పోయింది నా పిల్ల, పొగైనా మిగల్లేదు.
స్టేషను మాస్టర్నడిగితే, నిన్న అసలు బండే రాలేదన్నాడు.

మొదటి పాదానికి ఆర్జెల్లా "దేవా, స్తోత్రం" అంది. అదే పాదం రెండోసారి వచ్చేసరికి ఆమె పెదవులు బిగుసుకున్నాయి. మూడో పాదానికి లేచి వెళ్ళి కిటికీ రెక్క మూసింది.

అది ఏ పాటో ఆమెకే కాదు, ఆ చుట్టుపక్కల వయసు మళ్ళిన వాళ్ళందరికీ తెలుసు. హోజియా బేతెస్ద చర్చి సంఘానికి డీకన్ కాకముందు, గిటారు భుజాన వేసుకుని సారా పాకల వెంట తిరిగిన రోజుల్లో, మెంఫిస్ వెళ్ళి గ్రామఫోను రికార్డుకు పాడి వచ్చిన పాట అది. బాప్తిస్మం తీసుకున్నాక అతను దాన్ని మళ్ళీ ఎత్తలేదు. ఆమె ఎత్తనివ్వలేదు.

"ఇటు చూడు" అంటూ ఆమె మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. "నీళ్ళు. నీ... ళ్ళు. అనవయ్యా."

హోజియా ఆమె పెదవులకేసి శ్రద్ధగా చూశాడు. నుదురు ముడిపడింది. ఎడమ దవడ కదిలింది.

"బా" అన్నాడు.

చొక్కా తొడగడానికి ఆమె అతన్ని లేవదీసింది. ఎప్పటిలాగే అతని ఎడమచేతి వేళ్ళు ఆమె ముంజేతిని గట్టిగా పట్టుకుని, ఒకటి విడిచి ఒకటి నొక్కాయి. పడిపోతానని భయం కాబోలు అనుకుని ఆమె ఇంకాస్త దగ్గరికి పొదివి పట్టుకుంది.

బట్టలారేయడానికి పెరట్లోకి వెళ్తే, పక్కింటి లువీనియా కంచె మీద మోచేతులాన్చి నిలబడి ఉంది.

"అక్కా, రేడియో ఎప్పుడు కొన్నారు?"

"రేడియో కాదే."

"బావగారే? మాట వచ్చిందా?"

"మాట రాలేదు. పాటొచ్చింది."

"ఆ పాటే వచ్చిందా?" లువీనియా నవ్వు ఆపుకోలేకపోయింది. "నాకు పెళ్ళి కాకముందు దానికి ఎగిరి ఎగిరి చెప్పు తెగ్గొట్టుకున్నాను. మా అమ్మ ఆ రెండో చెప్పుతోనే కొట్టింది."

"ఎవరితోనూ అనకు."

"నేనెందుకంటాను" అంది లువీనియా. సాయంత్రానికి ఊరందరికీ తెలిసిపోయింది.

మర్నాడు పాస్టర్ ఫెల్డర్ వచ్చాడు. వయసులో చిన్నవాడు. హోజియా పడిపోయిన రోజున చేలోంచి అతన్ని మోసుకొచ్చిన వాళ్ళలో ఆయన కూడా ఒకడు. టోపీ మోకాలి మీద పెట్టుకుని, మంచం పక్కన కూర్చుని, కళ్ళు మూసుకుని చాలాసేపు ప్రార్థన చేశాడు. హోజియా ఎడమచెయ్యి గుండెల మీద పెట్టుకుని బుద్ధిగా విన్నాడు. ఆర్జెల్లా గుమ్మం దగ్గర నిలబడి, ఈ ఒక్కపూటకు నోరు రానివ్వకు తండ్రీ అని లోపల్లోపల వేడుకుంది.

పాస్టరు "ఆమెన్" అన్నాడు. ఆ మాట సాగిన తీరులో ఏం తగిలిందో, హోజియా మొహం విప్పారింది.

గొళ్ళెం తియ్యవే రోజెట్టా, వానకు తడిసి ముద్దయ్యాను,
గొళ్ళెం తియ్యవే రోజెట్టా, వానకు తడిసి ముద్దయ్యాను.
మీ ఆయన గొడుగు నా చేతిలో ఉంది, ఇచ్చి పోదామనొచ్చాను.

పెరటి వైపు నుంచి కిసుక్కుమని నవ్వు, వెంటనే లువీనియా దగ్గు వినిపించాయి. పాస్టరు టోపీ అంచును వేళ్ళతో తిప్పుతూ నేలకేసి చూశాడు.

"సిస్టర్ గెయిథర్, కాస్త బయటికి రండి."

వసారాలో నిలబడి ఆయన గొంతు తగ్గించాడు. "ఈ ఆదివారం ఆయన్ని తీసుకురాకండమ్మా. గుళ్ళో చిన్నపిల్లలుంటారు."

"ఆయన కావాలని అనడం లేదండీ. దాహమేస్తే నీళ్ళని అడగడం కూడా రాదాయనకి."

"నేను తప్పు పట్టడం లేదు. కానీ లోపల లేనిది బయటికెలా వస్తుందమ్మా? ఇన్నేళ్ళు దాన్ని లోపల దాచుకునే కదా కీర్తన ఎత్తాడని పెద్దలు అంటున్నారు. నిన్న రాత్రి అందరం కూర్చుని మాట్లాడుకున్నాం."

"కూర్చున్నారా? ఆయన కుర్చీ ఖాళీగా పెట్టుకునా?"

పాస్టరు టోపీ పెట్టుకున్నాడు. "కీర్తన ఎత్తడం ఇకనుంచి బ్రదర్ టాలీ చూసుకుంటాడు" అన్నాడు.

బేతెస్దలో పాటల పుస్తకాలుండేవి కావు. డీకన్ లేచి ఒక పాదం ఎత్తితే, జనం దాన్ని అందుకుని, సాగదీసి, మూలిగినట్టు పాడేవారు. ఆ గుడికి దూలాలెత్తిన నాటి నుంచి ఆ పాదం ఎత్తింది హోజియానే. ముందు వరసలో కుర్చీ కూడా అతను చెక్కుకున్నదే.

"ఆయనకి కీర్తనలూ వస్తాయండీ" అంది ఆర్జెల్లా. "ఎక్కడికీ పోలేదవి. నేను ఆదివారంలోగా రప్పిస్తాను."

"ప్రయత్నించండమ్మా" అన్నాడు పాస్టరు. ఆ మాటలో నమ్మకం లేదని ఇద్దరికీ తెలుసు.

తెల్లవాళ్ళ ఇళ్ళ నుంచి వచ్చిన చొక్కాలు బుట్ట నిండా ఉన్నాయి. గురువారం పొద్దుటే ఆర్జెల్లా పొయ్యి మీద ఇస్త్రీ పెట్టెలు రెండూ ఎక్కించి, బల్లను మంచానికి ఎదురుగా లాక్కుంది. గంజి చిలకరించి, కాలర్ మీద పెట్టె నడుపుతూ కీర్తన పాడింది.

యొర్దాను ఆవలి గట్టున నాకు చోటుంచు ప్రభూ.

హోజియా విన్నాడు. రెండోసారికి గొంతు కలిపాడు. రాగం ఎక్కడా తప్పలేదు. ఆ సాగదీత, చివర్లో ఆ చిన్న విరుపు, అంతా అతనిదే. కానీ మాటలుండాల్సిన చోట "బా, బా" అని మాత్రం వచ్చింది. ఆమె పెదవులు తిప్పి చూపింది. పెట్టె చల్లారితే మార్చుకుని మళ్ళీ పాడింది. మధ్యాహ్నం దాకా పాడింది. అతని కళ్ళ నుంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోతున్నాయి, అయినా మానలేదు. పిల్లవాడు పలక మీద దిద్దినట్టు పట్టుదలగా దవడ ఆడించాడు. చివరికి "యొ..." అన్నాడు. ఆర్జెల్లా పెట్టె చొక్కా మీదే వదిలేసి పరుగున వచ్చింది.

"యొ... యొర్... అనవయ్యా, అను."

అతను ఊపిరి బాగా పీల్చుకుని, నల్లబండి ఎత్తుకున్నాడు.

ఆమె అరచేత్తో అతని నోరు మూసింది.

మూశాక గాని తానేం చేసిందో తెలియలేదు. చెయ్యి కింద అతని పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి. కళ్ళు పెద్దవై, భయంతో కాదు, ఏమైందని అడుగుతున్నట్టు, ఆమె మొహమంతా వెతికాయి. ఆమె చెయ్యి తీసేసి, దాన్ని గౌనుకు తుడుచుకుని, బల్ల దగ్గరికి వెళ్ళి పెట్టె ఎత్తింది. చొక్కా వీపు మీద గోధుమరంగు మచ్చ పడింది. తడిగుడ్డ తెచ్చి దాన్ని రుద్దడం మొదలుపెట్టింది.

శుక్రవారం క్లియోతా మింటర్ వచ్చాడు. కాలవ అవతలి సారా పాకలో గిటారు వాయించే మనిషి. మెట్ల కిందే ఆగి టోపీ తీశాడు. గిటారు కారులోనే వదిలేసి వచ్చాడు.

"ఏం పని నీకిక్కడ?" అంది ఆర్జెల్లా.

"ఒకసారి ఆయన్ని చూసి పోదామని, అమ్మా."

"ఆయనకి బాగాలేదు."

"తెలుసమ్మా. నేను ఆయన రికార్డు విని నేర్చుకున్నవాణ్ణి. అరిగి అరిగి అందులో ఇప్పుడు గాలి తప్ప ఏమీ వినిపించదు. మెంఫిస్‌లో, షికాగోలో ఆ గొడుగు పాట ఎవడి పేరున వాడు పాడుకుంటున్నాడు. ఎవణ్ణడిగినా నాదే అంటాడు. ఆ మనిషి నోటే ఒక్కసారి వినాలని వచ్చాను."

"ఆ మనిషి ఎప్పుడో పోయాడు. లోపలున్నది డీకన్ గెయిథర్."

క్లియోతా తల ఊపి, టోపీ పెట్టుకోబోయాడు. అప్పుడే లోపల్నుంచి హోజియా అందుకున్నాడు. క్లియోతా మెట్టు ఎక్కలేదు, వెళ్ళనూ లేదు. టోపీ గుండెకు ఆనించుకుని, తల వంచుకుని, ఎండలో అలాగే నిలబడ్డాడు. లోపలికి పోయి మొగుణ్ణి ఆపగలిగే దారి ఆర్జెల్లాకు ఒకటే తెలుసు. ఆ పని మళ్ళీ చేయలేక ఆమె వసారాలోనే ఉండిపోయింది. పాట అయిపోయింది.

"నాకంటే నిదానంగా పాడుతున్నాడు" అన్నాడు క్లియోతా మెల్లగా. "మేమంతా తొందరపడుతున్నామన్న మాట."

ఆర్జెల్లా రోడ్డు మీదున్న అతని కారుకేసి చూసింది. "అది నడుస్తుందా?"

"బూతులు తిడుతూ నడుస్తుందమ్మా."

"ఆదివారం పొద్దున్న తీసుకురా. గుడికి పోవాలి. గిటారు తేకు."

"నన్నూ గుడికి రమ్మంటారా?"

"కారుని రమ్మన్నాను."

ఆదివారం ఆమె హోజియాకు తెల్లచొక్కా, నల్లకోటు తొడిగింది. చచ్చుపడిన చేతిని కోటు చేతిలోకి దూర్చడానికే చాలాసేపు పట్టింది. క్లియోతా అతన్ని రెండు చేతులా ఎత్తి కారులో కూర్చోబెట్టాడు. దారిలో హోజియా వేళ్ళు ఆర్జెల్లా ముంజేతి మీద మళ్ళీ ఆట మొదలుపెట్టాయి. క్లియోతా అద్దంలోంచి చూశాడు.

"ఆయన మీ చేతి మీద గిటారు పట్టు పడుతున్నాడమ్మా."

"పడిపోతానని భయం" అంది ఆర్జెల్లా.

క్లియోతా కళ్ళు మళ్ళీ రోడ్డు మీదికి తిప్పాడు. ఆమె మాత్రం ఆ తర్వాత తన చేతికేసి చూసుకుంటూనే ఉంది.

గుళ్ళో పాస్టరు వాళ్ళను చూసి బైబిల్లోంచి తలెత్తి, మళ్ళీ దించుకున్నాడు. గుమ్మం దగ్గర నిలబడే గుడి సేవకులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు గాని, పక్షవాతం మనిషిని అడ్డగించడానికి ఎవరికీ చేతులు రాలేదు. క్లియోతా అతన్ని అతని కుర్చీలోనే కూర్చోబెట్టి బయటికి వెళ్ళిపోయాడు. పక్క బెంచీలో ఆర్జెల్లా అతని మోకాలి మీద చెయ్యి వేసి కూర్చుంది. విసనకర్రలు ఊగుతున్నాయి. సంఘంలోకెల్లా ముసలావిడ మదర్ పెట్టిస్ వంగి, "బాగున్నావా డీకన్?" అని పలకరించింది. "బా" అన్నాడు హోజియా. ఆమె సంతోషంగా తల ఊపింది.

బ్రదర్ టాలీ లేచి కీర్తన ఎత్తాడు. మంచివాడే, గొంతే లేదు. మరీ పైన ఎత్తుకుని మధ్యలో కిందికి జారాడు. జనం అందుకోబోయి తడబడ్డారు. రెండో పాదానికి టాలీ గొంతు పూర్తిగా పట్టేసింది. దగ్గాడు. ఆ దగ్గు తర్వాత వచ్చిన ఖాళీలో హోజియా తలెత్తాడు.

మోకాలి మీద చెయ్యి గట్టిగా నొక్కింది ఆర్జెల్లా. యొర్దాను, అనుకుంది. యొర్దాను అనవయ్యా.

అతను నల్లబండి ఎత్తాడు. కానీ సారా పాకలో ఎత్తినట్టు కాదు. కుర్చీలో కూర్చున్నందుకో ఏమో, కీర్తన ఎత్తినట్టే ఎత్తాడు. ఒక్కో మాటనీ లాగి, వంచి, మూలిగి, గుడి మధ్యలో నిలబెట్టాడు. కళ్ళు మూసుకున్న ముసలివాళ్ళకు మాటలతో పని లేకపోయింది. ఇన్నేళ్ళుగా ఆ గొంతుకు బదులివ్వడం అలవాటు. ముందు బెంచీల నుంచి మూలుగు లేచింది, వెనక బెంచీలు దాన్ని అందుకున్నాయి, గోడలు దద్దరిల్లేలా ఒక పాదమంతా గుడి అతనికి బదులిచ్చింది. అందరికంటే గట్టిగా మదర్ పెట్టిస్ ఇచ్చింది.

మూడో పాదంలో స్టేషను మాస్టరు వచ్చేసరికి వెనకెక్కడో ఒక ఆడపిల్ల నవ్వింది. అప్పుడు విన్నారు. నోళ్ళు ఒకటొకటిగా మూతపడ్డాయి. హోజియా ఒక్కడే చివరిదాకా పాడి, ఎప్పటిలాగే బదులు కోసం చుట్టూ చూశాడు. విసనకర్రలు కూడా ఆగిపోయాయి.

"సిస్టర్ గెయిథర్" అన్నాడు పాస్టరు. గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. "ఆయన్ని తీసుకెళ్ళండమ్మా."

తెల్ల చేతితొడుగులు వేసుకున్న సేవకులు ఇద్దరు వచ్చి, కుర్చీని మనిషితో సహా ఎత్తారు. బెంచీల మధ్య నుంచి గబగబా తీసుకుపోయారు. కుర్చీ రెండుచోట్ల తగిలింది. హోజియా వెనక్కి తిరిగి పీఠం వైపే చూస్తున్నాడు. మదర్ పెట్టిస్ సంచిలో ఏదో వెతుక్కుంటోంది. ఆర్జెల్లా ఆ నడవంతా తలెత్తుకునే నడిచింది గాని, ఒక్క జత కళ్ళు కూడా ఆమెకు ఎదురుపడలేదు. కారు దగ్గర సేవకులు అతన్ని సీటులోకి లాగి పడేసి, కుర్చీని మళ్ళీ లోపలికి మోసుకుపోయారు.

"మాటలేవైనా ఆ సాగదీత మాత్రం మనదేనమ్మా" అన్నాడు క్లియోతా కారు తిప్పుతూ.

"నోరు మూసుకుని నడుపు" అంది ఆర్జెల్లా. మలుపు తిరిగాక, "నీ మీద కోపం కాదు" అంది.

సోమవారం పొద్దున్నుంచి హోజియా ఏడుస్తున్నాడు.

లువీనియా తెచ్చిన మొక్కజొన్న జావ చెంచాతో పెదవులకు ఆనిస్తే మొహం తిప్పుకున్నాడు. నీళ్ళిస్తే బయటికి ఒంపేశాడు. ఆమె దిండు మార్చింది. కిటికీ తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. కడుపు మీద చెయ్యి వేసి, "ఇక్కడా?" అంది. తల మీద వేసి, "ఇక్కడా?" అంది. అన్నిటికీ "బా" అన్నాడు. తల ఆడించడం కూడా అవునుకీ కాదుకీ ఒకేలా. మధ్యమధ్య ఏడుపు ఆపి గొడుగు పాటలో సగం పాదం పాడి, మళ్ళీ ఏడ్చాడు.

ఇస్త్రీ పెట్టెలు పొయ్యి మీద కాలి కాలి ఎర్రబడుతున్నాయి. ఆమె వాటిని దింపి, తలుపు బార్లా తీసి, మంచం అంచున కూర్చుంది. బయట ఎండ తెల్లగా ఉంది. నిన్న గుడి మొత్తం అతనికి బదులివ్వడం ఆమె చెవుల్లో ఇంకా ఉంది. మాటగా అడిగితే అందనిది పాటగా అడిగితే అందుతుందేమో అనిపించింది. ఒకసారి గొంతు సవరించుకుంది. నల్లబండి రాగంలో, పొడిగా అడిగింది.

ఎక్కడ నొప్పో చెప్పవయ్యా, చెయ్యి అక్కడే వేస్తాను.

హోజియా ఏడుపు ఆగిపోయింది. మొహమంతా వెలుగు వచ్చింది. ఆర్జెల్లా దగ్గరికి జరిగింది. ఆ పాట వరస ప్రకారం అదే పాదాన్ని రెండోసారి కూడా పాడి, అతని చెయ్యి పట్టుకుని ఎదురుచూసింది.

స్టేషను మాస్టర్నడిగితే, నిన్న అసలు బండే రాలేదన్నాడు.

ఆమె మళ్ళీ అడిగింది. కాలా, నడుమా, గుండెలోనా అని ఒక్కొక్కటీ పాదంలో ఇరికించి అడిగింది. ప్రతిసారీ అతను అంతే ఆనందంగా, అంతే సరిగ్గా, బండే రాలేదన్నాడు. ఆమె ఆపింది. జవాబు చెబుతున్నాననే అనుకుంటున్నాడు. ఆ సంగతి అతని కళ్ళలో చూసి ఆమె మొహం తిప్పుకుంది.

దుప్పటి మార్చేటప్పుడు తెలిసింది. ఎడమ తొడ వెనక, జానెడు పొడవున, చర్మం చీరుకుపోయి ఉంది. కుర్చీలోంచి కారులోకి లాగినప్పుడు దాని మేకు చీరిన గాయం. చుట్టూ నల్లగా కమిలి, అంచుల్లో చీము చేరుతోంది. పచ్చిగాయం మీదే అతను నిన్నంతా కూర్చున్నాడు, రాత్రంతా పడుకున్నాడు. ఆమె పక్కనే ఉంది.

జావగిన్నె కోసం వచ్చిన లువీనియా గుమ్మంలో ఆగిపోయింది. "దేవుడా, ఎవరు చేశారిది?"

"నేనే తీసుకెళ్ళాను" అంది ఆర్జెల్లా. "వేణ్ణీళ్ళు పెట్టు."

గాయం కడుగుతుంటే హోజియా పళ్ళ సందునుంచి పాడాడు. లువీనియా అతని తల పట్టుకుని, నవ్వకుండా, "అలాగే బావా, అలాగే" అంటూ ఉంది. కట్టు కట్టి, పక్కకు ఒత్తిగిల్లబెట్టి, ఆర్జెల్లా మంచం పక్కన నేల మీదే కూర్చుండిపోయింది. అతని ఎడమచెయ్యి వెతుక్కుంటూ వచ్చి ఆమె ముంజేతిని అందుకుంది. ఆమె చెయ్యి కదపకుండా ఉంచింది. అతను నల్లబండి ఎత్తాడు గాని గొంతు సగంలోనే సన్నబడింది. కాసేపటికి నిద్రపట్టింది. వేళ్ళు మాత్రం అక్కడే నొక్కుకుని ఉన్నాయి.

రోడ్డు మీద తెల్ల టోపీలు కనబడ్డాయి. సోమవారం కూటానికి పోతున్న సంఘపు ఆడవాళ్ళు. లువీనియా తలుపు మూయబోయింది.

"ఉండనీ" అంది ఆర్జెల్లా.

అతను వదిలేసిన చోటి నుంచి ఆమె అందుకుంది. స్టేషను మాస్టరు దాకా వచ్చి ఆగలేదు. ఆ తర్వాత చరణం రికార్డులోకి ఎక్కలేదు. సారా పాకల్లో, వాయించేవాడి పక్కన కూర్చున్న వాళ్ళకు మాత్రమే అది తెలుసు. లువీనియా చేతిలో గిన్నెతో అలాగే నిలబడిపోయింది. రోడ్డు మీది ఆడవాళ్ళ అడుగులు నెమ్మదించాయి.

పట్టాల మీద చెవి పెట్టి విన్నాను, ఇనుము చల్లగా ఉంది,
పట్టాల మీద చెవి పెట్టి విన్నాను, ఇనుము చల్లగా ఉంది.
నెత్తిన జూలై ఎండ మండుతున్నా, ఇనుము చల్లగానే ఉంది.